కిరాణా కొట్టుకి ఒకసారి వచ్చిన మనిషి మళ్లీ రావాలంటే: తూకం నుంచి అరువు ఖాతా దాకా

"కొట్టు పెట్టి ఆరు నెలలైంది. కొత్త మొహాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరూ నిలవడం లేదు." కొత్తగా కిరాణా పెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. నవ్వుతూ పలకరించమని చెప్పి ఊరుకుంటే ఇది తేలదు. నవ్వుతూ యాభై గ్రాములు తక్కువ తూచే కొట్టుకంటే, యజమాని కాస్త ముభావంగా ఉన్నా లెక్క కచ్చితంగా ఉండే కొట్టుకే వీధి అలవాటు పడుతుంది.

ఈ మార్గదర్శి ఒకే షట్టరు, ఒక యజమాని, ఒక కుర్రాడు ఉండే కొట్టుకి సరిపోతుంది. కింద ఇచ్చిన వరసలోనే మొదలుపెట్టండి. తూకం, ధర, ఖాతా కుదరకముందే ఇంటికి సరుకులు పంపడం మొదలుపెడితే సరుకులతో పాటు ఫిర్యాదులూ ఇంటింటికీ వెళ్తాయి.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక కాటాతో కొట్టు నడవదు, రెండు కావాలి. మామూలు 30 కేజీల ఎలక్ట్రానిక్ కాటా పక్కన అంటించిన పలక చూడండి. చాలావాటి మీద 'మ్యాక్స్ 30 కేజీలు, మిన్ 100 గ్రాములు, e = 5 గ్రాములు' అని ఉంటుంది. అంటే 100 గ్రాముల కన్నా తక్కువ సరుకు ఆ కాటా మీద తూచకూడదు. పైగా అది 5 గ్రాముల మెట్ల మీదే కదులుతుంది.

ఏలకులు గ్రాము 3 రూపాయలు పలికే రోజున ఆ కాటా మీద 10 గ్రాములు తూచితే ఒక్క మెట్టు తేడాకే 15 రూపాయలు అటో ఇటో పోతాయి. లవంగాలు, ఏలకులు, జీడిపప్పు, గసగసాల కోసం మెట్టు 1 గ్రాము లేదా అంతకన్నా తక్కువ ఉన్న చిన్న కాటా విడిగా పెట్టుకోండి.

రెండు కాటాలకూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, ఇనప గుండ్లకి రెండేళ్లకోసారి మళ్లీ ముద్ర వేయించాలి. ఆ ధ్రువపత్రం గల్లా పెట్టెలో దాచకండి, కాటా వెనక గోడకి తగిలించండి.

మిగతా సరంజామా:

- కాటా పరీక్షకి ముద్ర ఉన్న 1 కేజీ ఇనప గుండు ఒకటి
- ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు, 14 అంకెల నంబరు కనబడేలా గోడ మీద
- మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు
- బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, చక్కెర, ఉల్లిపాయల ఆ రోజు ధరలు రాసే బోర్డు
- మూడు పుస్తకాలు: రోజువారీ చిట్టా, అరువు ఖాతా, 'లేదు' పుస్తకం (దీని సంగతి 5వ భాగంలో)
- పొద్దున్న గల్లాలో చిల్లర: పది రూపాయల నోట్లు 40, ఇరవైవి 20, ఐదు రూపాయల బిళ్లలు 40, రెండువి 50, ఒకటివి 50. మొత్తం 1,150 రూపాయలు

ఈ చిల్లర ఏ రోజుకారోజు రాత్రే పక్కకి తీసి పెట్టుకోవాలి. పొద్దున్నే పాల ప్యాకెట్టుకి వచ్చిన మనిషికి "చిల్లర లేదు, తరవాత ఇవ్వండి" అంటే మీరు అరువు ఇస్తున్నట్టు. చాక్లెట్ చేతిలో పెడితే ఆ మనిషికి అక్కర్లేని సరుకు అంటగట్టినట్టు. రెండూ చెయ్యకండి.

2. తూకం: ఈ వరస తప్పకూడదు

ఒకటి: కాటా కదలని చోట ఉండాలి. దాని మీద ఉండే చిన్న నీటి బుడగ వలయం మధ్యలోకి వచ్చేదాకా కాళ్ల మరలు తిప్పండి.

రెండు: పొద్దున్న తలుపు తీయగానే 1 కేజీ గుండు పెట్టి చూడండి. ఒకసారి పళ్లెం మధ్యలో, తరవాత నాలుగు మూలల్లో. 5 గ్రాములకి మించి తేడా వస్తే ఆ కాటా పక్కన పెట్టేయాలి. మీరే విప్పకండి. సీలు తెగిన కాటాతో అమ్మడం నేరం, మరమ్మతుకి లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వండి.

మూడు: ఖాళీ గిన్నె పెట్టి టేర్ నొక్కండి, సున్నా కనబడాలి. కవరులో తూస్తే కవరుకీ అంతే.

నాలుగు: అంకెలు కొనేవాళ్ల వైపు తిరిగి ఉండాలి. వెనక తెర లేని కాటా అయితే అడ్డంగా తిప్పి పెట్టండి, ఇద్దరికీ కనబడుతుంది.

ఐదు: కాస్త తక్కువ పోసి, ఆ మీద కొద్దికొద్దిగా కలుపుతూ అంకె చేరండి. ఎక్కువ పోసి చేత్తో వెనక్కి తీయకండి. లెక్క రెండింటిలోనూ ఒకటే. కానీ తీసిన ప్రతి గుప్పెడూ కొనేవాళ్ల కంటికి తమ సొత్తు వెనక్కి పోయినట్టే కనబడుతుంది. ఈ చిన్న అలవాటుకి పైసా ఖర్చు లేదు, అయినా పాటించే కొట్లు తక్కువ.

ఆరు: అంకె నిలిచాక పైకి చెప్పండి: "కేజీ, అమ్మా." ఆ తరవాత కొసరు వెయ్యాలనుకుంటే నాలుగు గింజలు వెయ్యండి. కొసరు తూకం పూర్తయ్యాకే. ముందే వేసి 1 కేజీ 10 గ్రాములు చూపిస్తే అది తూకంలో కలిసిపోతుంది, కొసరు ఇచ్చినట్టు ఎవరికీ తెలియదు.

*తరచూ వచ్చే తేడాలు, కారణాలు*

అంకె నిలవకుండా ఊగుతోందంటే ముందు పైన తిరిగే ఫ్యాను ఆపి చూడండి. ఖాళీ కాటా సున్నాకి రావడం లేదంటే పళ్లెం ఎత్తండి. కింద బియ్యపు గింజో, బెల్లం ముక్కో, ఒక్కోసారి బొద్దింకో ఇరుక్కుని ఉంటుంది. కరెంటు పోయినప్పుడు అంకె మెల్లగా జారుతోందంటే బ్యాటరీ అయిపోవచ్చింది.

బెల్లం, చింతపండు, ఉల్లిపాయలు ముందు రోజే పొట్లాలు కట్టి ఉంచకండి. వానాకాలం బెల్లం చెమ్మ పీల్చి కారుతుంది, ఉల్లికి ఎండలో తరుగు వస్తుంది. రాత్రి కేజీ ఉన్నది పొద్దున్నకి కేజీ ఉండదు. పైగా ముందే కట్టి అమ్మే పొట్లం చట్టం లెక్కలో ప్యాకేజీ సరుకు. ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయాల్సిన ఫోను నంబరు దాని మీద ఉండాలి. ఇదంతా అంటించే ఓపిక లేకపోతే అడిగినప్పుడే తూచండి.

3. ధర, బిల్లు, డబ్బు

ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద 'కూలింగ్ చార్జీ' పేరుతో రెండు రూపాయలు తీసుకోవడం కూడా నేరమే. ఆ రెండు రూపాయలు ఇచ్చిన మనిషి మిమ్మల్ని ఏమీ అనడు, పక్క వీధిలో కొనుక్కుంటాడు. అదే అసలు నష్టం.

బియ్యం దగ్గర వచ్చే ఒక ప్రశ్నకి జవాబు సిద్ధంగా ఉంచుకోండి: "ఇదేంటి, 25 కాకుండా 26 కేజీల బస్తా?" ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీల దాకా ఉంటే 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. దాటితే లేదు. మిల్లులు 26 కేజీల బస్తాలు కట్టడానికి కారణం ఇదే. బస్తా ధర ఒక్కటే చెబితే పక్క కొట్టు 25 కేజీల ధరతో పోల్చుకుని మీది ఎక్కువనుకుంటారు. కేజీ ధర కూడా చెప్పండి.

బిల్లు అడిగితే ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కంప్యూటరు బిల్లు అక్కర్లేదు. కొట్టు పేరు, తేదీ, సరుకు, బరువు, ధర, మొత్తం ఉన్న చీటీ చాలు. 100 రూపాయలు దాటితే అడక్కపోయినా ఇవ్వండి. ఇంటికెళ్లి చూసుకునే చీటీ ఉంటే అనుమానం సగం అక్కడే తీరిపోతుంది.

పిల్లల్ని పంపించినప్పుడు ఇంకో జాగ్రత్త. ఎంత నోటు తెచ్చారో, ఎంత తిరిగి ఇచ్చారో చీటీ మీద రాసి, చిల్లర చీటీలో చుట్టి సంచిలో పెట్టండి. "మా వాడికి 500 ఇచ్చి పంపాను" అనే తగవు ఇక్కడే పుడుతుంది.

పిలుపు సంగతి ఒక మాట. కోస్తాలో అమ్మా, అన్నయ్యా, బాబాయ్. తెలంగాణలో అక్కా, అన్నా, పెద్దమ్మా. ఊరి వరసే వాడండి. ముప్ఫై ఏళ్ల ఆవిణ్ణి 'ఆంటీ' అని పిలిచే కుర్రాడికి మొదటి రోజే చెప్పి మాన్పించండి.

*యూపీఐ చెల్లింపు వరస*

- మొత్తం పైకి చెప్పండి, తరవాతే స్కాన్ చెయ్యనివ్వండి
- సౌండ్ బాక్స్ మాట గానీ మీ ఫోనులో జమ సందేశం గానీ చూడండి. అవతలి ఫోనులో చూపించే స్క్రీన్‌షాట్ లెక్కలోకి రాదు
- డబ్బు అక్కడ కట్ అయి ఇక్కడ పడకపోతే 12 అంకెల లావాదేవీ నంబరు, టైము, మొత్తం చిట్టాలో రాసుకోండి
- ఇలా మధ్యలో ఆగిన వ్యాపారి చెల్లింపు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 5 రోజుల్లో కట్టినవాళ్ల ఖాతాకి తిరిగి రావాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం

ఈ నాలుగో సంగతి కంగారుపడే మనిషికి అక్కడికక్కడే చెప్పండి. తెలిసిన ఇల్లయితే సరుకు ఇచ్చి పంపి, ఖాతాలో రాసుకోండి. తెలియనివాళ్లయితే సరుకు సంచిలో కట్టి, పేరు రాసి పక్కన పెట్టండి. "మీరు మోసం చేస్తున్నారా" అన్న చూపు మాత్రం వద్దు.

4. అరువు ఖాతా

కొట్లు మునిగేది ఎక్కువగా ఇక్కడే. 'అరువు లేదు' బోర్డు పెట్టి తప్పించుకోవచ్చు, కానీ నెల జీతాల వీధిలో, పంట డబ్బు మీద బతికే ఊళ్లో ఆ బోర్డు పెట్టిన కొట్టుకి సగం గిరాకీ రాదు. ఇవ్వక తప్పదు గనక పద్ధతిగా ఇవ్వాలి.

ముందు ఒక లెక్క చూడండి. నెలకి 3 లక్షల అమ్మకం, సగటున నూటికి పది లాభం అనుకుందాం. చేతికి 30 వేలు. ఒక ఇంటి దగ్గర 5 వేల బాకీ మునిగితే దాన్ని పూడ్చుకోవడానికి ఇంకో 50 వేల సరుకు అమ్మాలి. ఖాతా తెరిచే ప్రతిసారీ ఈ అంకె గుర్తుండాలి.

*ఖాతా తెరవడం*

కొత్త ఇంటికి కనీసం రెండు నెలలు నగదు మీదే అమ్మండి. ఆ రెండు నెలల్లో వాళ్లు నెలకి ఎంత కొంటారో చిట్టాలో తెలుస్తుంది. అందులో సగం మొదటి హద్దు. మూడు నెలలు మాట ప్రకారం కట్టాక హద్దు పూర్తి నెల కొనుగోలు దాకా పెంచవచ్చు. అంతకి మించి ఎవరికీ వద్దు, బంధువులకి అసలే వద్దు.

హద్దు, కట్టే తేదీ మొదటి రోజే చెప్పాలి. "అన్నా, నెలకి 3 వేల దాకా రాసుకుంటాను, 5వ తారీకుకి లెక్క చూసుకుందాం." మొహమాటపడి చెప్పకుండా వదిలేస్తే ఆ మొహమాటం ఆరు నెలల తరవాత గొడవై తిరిగొస్తుంది.

మొత్తం కొట్టు అరువుకీ ఒక హద్దు పెట్టుకోండి. మీరు హోల్‌సేల్ దుకాణానికి 15 రోజుల్లో కట్టాల్సినంత మొత్తాన్ని వీధిలో ఉన్న బాకీ దాటకూడదు. దాటిందంటే మీ పేరు మీద హోల్‌సేల్ వాళ్లు వేరే పుస్తకం తెరుస్తున్నారన్నమాట.

*రాయడం*

- సరుకు చేతికి ఇచ్చేముందే రాయాలి. "సాయంత్రం రాస్తాను" అన్నది రాయనట్టే
- ప్రతి ఇంటికీ రెండు పుస్తకాలు: ఒకటి కొట్లో, చిన్నది వాళ్ల ఇంట్లో. రెండింట్లో ఒకే వరస
- సరుకు పేరు, బరువు, ధర విడివిడిగా. 'సరుకులు 640' అని ఒక్క ముక్కలో రాయకూడదు
- పుస్తకం తేకపోతే చీటీ ఇచ్చి, తరవాతిసారి ఎక్కించాలి
- నెలాఖరున మొత్తం కూడి, ఆ ఇంటి పెద్ద సంతకం మీ పుస్తకంలో

సంతకం ఎందుకంటే, గడువు పెట్టకుండా అరువిచ్చిన సరుకు డబ్బు కోసం కోర్టుకి వెళ్లాలంటే సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే గడువు. ఆ లోపు 'ఇంత బాకీ ఉంది' అని రాసిన దాని కింద సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. 3 వేల కోసం కోర్టుకి ఎవరూ వెళ్లరనుకోండి. కానీ ప్రతి నెలా సంతకం పెట్టిన మనిషి "నేను ఇంత వాడలేదే" అనడం అరుదు.

ఫోను యాప్‌లో ఖాతా రాసుకున్నా పరవాలేదు, బాకీ సందేశం దానంతట అదే వెళ్తుంది. అయినా కాగితం పుస్తకం మానకండి. ఇంట్లో పెద్దవాళ్లు నమ్మేది తమ చేతిలో ఉన్న పుస్తకాన్నే.

*వసూలు*

వసూలు తేదీ మీ అవసరాన్ని బట్టి పెట్టకూడదు, వాళ్ల చేతికి డబ్బొచ్చే రోజుని బట్టి పెట్టాలి. జీతాలవాళ్లకి 1 నుంచి 7 లోపు. ఆంధ్రలో సామాజిక పింఛను మీద బతికే పెద్దవాళ్లకి 1, 2 తేదీలు. రోజు కూలీలకి వారానికోసారి, సంత ముందు రోజు. వరి రైతుకి కోతల తరవాత, పత్తి రైతుకి మొదటి ఏరివేత అమ్మాక. రైతు దగ్గర ఆగస్టులో అడగడం ఇద్దరికీ టైము దండగ.

అడిగే వరస:

1. తేదీకి రెండు రోజుల ముందు మొత్తం ఎంతో చెప్పండి. అడగడం కాదు, చెప్పడం: "వదినా, ఈ నెల లెక్క 2,840 అయింది."
2. తేదీ దాటిన మూడో రోజు కొట్లో ఎవరూ లేనప్పుడు అడగండి. పదిమందిలో అడిగితే డబ్బు రావచ్చు, మనిషి మళ్లీ రాడు.
3. పదో రోజుకీ రాకపోతే ఒక్కటే అడగండి: "ఎంత వీలవుతుంది, ఎప్పుడు?" వాళ్లు చెప్పిన తేదీ వాళ్ల ముందే పుస్తకంలో రాయండి.
4. నెల దాటితే కొత్త అరువు ఆపండి.

నాలుగో మెట్టు దగ్గర జరిగే తప్పు ఒకటుంది. అరువు ఆగగానే ఆ మనిషి మొహం చాటేసి ఇంకో వీధి మీదుగా తిరుగుతాడు. బాకీ పోతుంది, నగదు గిరాకీ కూడా పోతుంది. అందుకే ఆపేటప్పుడే ఇలా అనండి: "పాతది అలా పక్కన ఉండనివ్వండి. కొత్త సరుకు నగదుకి తీసుకెళ్లండి, వచ్చినప్పుడల్లా పాతదానికి వంద, రెండొందలు జమ వేద్దాం." పాత బాకీ ఒక పేజీలో గీత గీసి నిలిపేయండి. వడ్డీ వెయ్యకండి. వడ్డీ మొదలైన రోజు మీది కిరాణా కాదు, వడ్డీ వ్యాపారం.

ఇలా నెలకి నాలుగొందల చొప్పున 4,800 బాకీ తీరడానికి ఏడాది పడుతుంది. పట్టనివ్వండి. ఆ ఏడాదీ ఆ ఇంటి ఉప్పూ పప్పూ మీ దగ్గరే కొంటారు.

5. 'లేదు' పుస్తకం

అడిగిన సరుకు లేనప్పుడు "లేదు" అనేసి తరవాతి మనిషి వైపు తిరుగుతాం. ఏం లేదన్నామో సాయంత్రానికి గుర్తుండదు. గల్లా పక్కన ఒక చిన్న పుస్తకానికి పెన్ను కట్టి ఉంచండి. 'లేదు' అన్న ప్రతిసారీ సరుకు పేరు, అడిగినవాళ్ల పేరు రాయండి. కుర్రాడు చెప్పిన 'లేదు' కూడా.

హోల్‌సేల్‌కి వెళ్లే ముందు రాత్రి పుస్తకం తెరవండి. వారంలో ముగ్గురు వేరువేరు మనుషులు అడిగింది తప్పక తేవాలి, చిన్న ప్యాకే అయినా సరే. ఒకే మనిషి మూడుసార్లు అడిగితే ఆ మనిషికి మాత్రం ఒకటి తెచ్చి ఫోను చేయండి. ఒక్కసారే అడిగినవి వదిలేయండి. బీపీ ఉన్న ఇంటికి తక్కువ సోడియం ఉప్పు, షుగరున్న ఇంటికి కొర్రలు, అరికెలు ఇలాగే తెలుస్తాయి.

'లేదు' అన్న వెంటనే తరవాతి మాట కూడా ఉండాలి. పక్క కొట్లో ఉంటే కుర్రాణ్ణి పంపి తెప్పించి అదే ధరకి ఇవ్వండి. అక్కడా లేకపోతే ఏ రోజుకి వస్తుందో చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. "రేపొస్తుంది" అని నాలుగు రోజులు తిప్పితే ఐదో రోజు ఉన్న సరుకుకీ రారు.

అడిగిన బ్రాండు లేదని ఇంకో బ్రాండు సంచిలో వేసి పంపకండి. ఫోను మీద చెప్పే ఆర్డర్లలో ఇది బాగా జరుగుతుంది. వేసే ముందు ఒక్క మాట అడగండి.

6. ఫిర్యాదు వచ్చినప్పుడు

వరస ఇది: వినండి, సరుకు చేతిలోకి తీసుకోండి, మార్చి ఇవ్వండి, ఆ తరవాత కారణం వెతకండి. చాలామంది తిరగేసి చేస్తారు. "మా దగ్గర అలా ఉండదే, మీ ఇంట్లో డబ్బా చూసుకోండి" అనే మాటతో మొదలుపెడతారు. కేజీ రవ్వ మార్చడానికి అయ్యేది యాభై రూపాయలు. ఆ ఇల్లు ఏడాదికి కొనేది ముప్ఫై, నలభై వేల సరుకు.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే బోర్డు ఉంటే తీసేయండి. లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోకపోవడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపారం. ఆ మనిషి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తే మీ బోర్డు మీకు సాయపడదు.

పురుగు ఫిర్యాదులే ఎక్కువ వస్తాయి గనక వాటి గుర్తులు తెలిసి ఉండాలి.

పెసలు, బొబ్బర్లలో గింజకి గుండ్రటి రంధ్రాలుంటే అది పెంకు పురుగు. గుడ్లు పొలంలోనే కాయ మీద పడి బస్తాతో పాటు వస్తాయి. తెచ్చిన రోజు శుభ్రంగానే కనబడుతుంది. ఇలాంటివి నెలకి సరిపడా మించి కొనకండి.

రవ్వ ఉండలు కట్టి సన్నని గూడు అల్లినట్టుంటే చిమ్మెట జాతి పురుగు. ఇది ఎక్కువగా మీ డబ్బాలోంచే వస్తుంది. డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు పాత రవ్వే కొత్త బస్తాకి విత్తనం. పాతదాని మీద కొత్తది పోయకండి. డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఎండబెట్టి నింపండి.

బియ్యంలో ముక్కు పురుగు కనబడితే ఆ లాటు బస్తాలన్నీ విడదీసి చూడాలి. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి జానెడు ఎడంగా ఉండాలి. ముందొచ్చినది ముందు అమ్మాలి. ప్రతి బస్తా మీద వచ్చిన తేదీ స్కెచ్ పెన్నుతో రాస్తే ఇది సులువు. తినే సరుకు దగ్గర పురుగుమందు పొడి చల్లడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

*మార్చి ఇచ్చాక ఆ రోజే*

- అదే బస్తా, అదే డబ్బాలో మిగిలిన సరుకు అమ్మకం ఆపారా?
- అదే లాటు కొన్న తెలిసిన ఇళ్లకి మీరే ఫోను చేశారా?
- హోల్‌సేల్ వాళ్లకి ఫొటో, బిల్లు పంపారా?
- చిట్టాలో రాశారా?

రెండోది చెయ్యడానికి మనసొప్పదు. అడగనివాళ్లకి కూడా చెప్పి నష్టపోవడం ఎందుకనిపిస్తుంది. నాలుగు కేజీల రవ్వ పోతుంది, అంతే. కొట్టు గురించి ఆ నాలుగిళ్లవాళ్లు పదిమందికి చెప్పే మాట బోర్డు మీద రాయించినా రాదు.

ఊరికే వాపసు తెచ్చేవాళ్లూ ఉంటారు, సగం వాడాక బాగాలేదనేవాళ్లు. మూడోసారి దాకా మార్చండి. ఆ తరవాత అదే సరుకు వాళ్లకి అమ్మేటప్పుడు ప్యాకెట్టు విప్పి చూపించి ఇవ్వండి. మాటతో తేలని తగవు దీంతో తేలుతుంది.

7. ఇంటికి సరుకులు పంపడం

వాట్సాప్‌లో చీటీ వస్తే ముందు చదివి తిరిగి చెప్పండి: ఏవి ఉన్నాయి, ఏవి లేవు, మొత్తం ఎంత, ఎన్నింటికి వస్తుంది. పది నిమిషాల యాప్‌లతో టైములో పోటీ పడకండి, గెలవలేరు. పొద్దున్న 11కి ఒకసారి, సాయంత్రం 6కి ఒకసారి అని రెండు వేళలు పెట్టుకుని అవి తప్పకండి. సంచిలో గుడ్లు, పెరుగు పైన. సబ్బులు, అగరొత్తులు విడి కవరులో. టీ పొడి, బియ్యప్పిండి పక్కన అగరొత్తులు పెడితే మర్నాడు ఫిర్యాదు ఖాయం.

8. పక్క కొట్లతో

ఎదుటి కొట్టుని శత్రువులా చూసేవాళ్లకి చిల్లర దొరకదు, అవసరానికి సరుకూ దొరకదు. వాళ్ల దగ్గర బదులు తెచ్చిన సరుకు అదే వారంలో అదే సరుకుగా తిరిగివ్వండి. వాళ్ల ధర మీద వ్యాఖ్య వద్దు. దొంగ స్క్రీన్‌షాట్‌తో ఎవరైనా తిరుగుతుంటే ఆ పద్ధతి వర్తక సంఘం గ్రూపులో రాయండి. ఎవరెవరు బాకీ పడ్డారో పేర్లు మాత్రం రాయకండి, అది పరువు సమస్య అవుతుంది.

9. గిరాకీ పడిపోయిన నెలల్లో

వీధి చివర పెద్ద సూపర్ మార్కెట్ తెరిచిన మొదటి మూడు నెలలు, పంట చేతికి రాని సంవత్సరం, స్కూళ్ల ఫీజులు కట్టే జూను. ఇలాంటప్పుడు కొట్లు సాధారణంగా చేసే పనులు మూడు: ఆలస్యంగా తెరవడం, సరుకు తగ్గించడం, తెలిసినవాళ్ల దగ్గర గోడు చెప్పుకోవడం. మూడూ గిరాకీని ఇంకా తగ్గిస్తాయి.

తెరిచే టైము మార్చకండి. పొద్దున్న 6 అంటే 6. ఒక్కసారి మూసి ఉన్న షట్టరు చూసిన పాల ప్యాకెట్టు మనిషి ఆ రోజే ఇంకో కొట్టు దారి నేర్చుకుంటాడు.

తగ్గించాల్సి వస్తే ఈ వరసలో తగ్గించండి: ముందు రెండు నెలలుగా కదలని సరుకు, తరవాత ఒకే వస్తువులో నాలుగో, ఐదో బ్రాండు, ఆ తరవాత పెద్ద ప్యాకులు. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, పాలు, గుడ్లు, ఉల్లి, బంగాళాదుంప ఏ రోజూ అయిపోకూడదు.

పెద్ద కొట్టుతో ధరలో పోటీ అన్నింటి మీదా వద్దు. అందరికీ ధర తెలిసిన పది, పదిహేను సరుకులు ఉంటాయి: చక్కెర, ఒక నూనె, ఒక టీ పొడి, ఒక సబ్బు, కందిపప్పు. వాటి మీద లాభం రూపాయో, రెండో పెట్టుకోండి. విడిగా అమ్మే పోపు దినుసులు, 50 గ్రాముల అవసరాలు మీ బలం. పెద్ద కొట్లో పావుకేజీ ప్యాకు కొనక తప్పనిది మీ దగ్గర పది రూపాయలకి దొరుకుతుంది.

చిట్టాలో రోజు అమ్మకంతో పాటు బిల్లుల సంఖ్య కూడా రాయండి. అమ్మకం తగ్గి బిల్లులు అలాగే ఉంటే వీధిలో డబ్బు లేదని అర్థం, అది పండగ నెలకి మళ్లీ వస్తుంది. బిల్లులే తగ్గుతుంటే మనుషులు పోతున్నారు. అప్పుడు మొదట తూకం, తరవాత ధర, తరవాత 'లేదు' పుస్తకం, ఆ వరసలో వెతకండి.

నెలకోసారి ఖాతాలోంచి నలభై ఇళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, 15 రోజులుగా రానివాళ్ల పక్కన గుర్తు పెట్టండి. కనబడినప్పుడు "ఈమధ్య రావడం లేదేంటి" అనకండి, అది నిలదీసినట్టుంటుంది. "పిన్నీ, మొన్న మీరడిగిన రాతి ఉప్పు వచ్చింది, ఒక ప్యాకెట్టు పక్కన పెట్టాను" అనండి. దానికోసం ఆ రాతి ఉప్పు నిజంగానే పక్కన పెట్టి ఉండాలి. 'లేదు' పుస్తకంలో పేరు రాయమన్నది అందుకే.